గ్రీష్మ కషాయం

విజయవాడ వన్ టౌన్,
6-5-1975.

పూజ్యులైన నాన్నగారికి, నాయనమ్మకి,

మీ చౌడయ్య చెమట చేతులు తుండుకి తుడుచుకుని నమస్కారాలు పెట్టి రాస్తున్నాడు. ఇక్కడ నేను కులాసా. అక్కడ మీరంతా కులాసా అని తలుస్తాను అని రాయడం మర్యాద. కానీ మొన్న ఆదివారం పెడన వచ్చి నా కళ్ళతో నేను చూసి వెళ్ళాను గనక ఆ ముక్క రాయలేను. నాయనమ్మకి చదువు రాదు కాబట్టి ఎప్పట్లాగే మీరు దీన్ని పైకి చదవండి. మధ్యలో మాటలు మింగొద్దు. మీరు మింగుతారు, నాకు తెలుసు.

ముందు ఇక్కడి సంగతులు. ఎండలు మండిపోతున్నాయి. కొండ పగలంతా తాగిన వేడి సాయంత్రం అయ్యేసరికి మా సందుల్లోకి కక్కుతోంది. సోడా కొట్లో పని మూడింతలయింది. మిషను తిప్పీ తిప్పీ భుజాలు కాయలు కాశాయి. సీసా పేలితే మొహం పగులుతుందని ముందు గోనె కట్టుకోవాలి, ఆ గోనె వెనకాల ఉడకాలి. ఓనరు కాశీరావు గారు ఫ్యాను కింద కూర్చుని, ఎండాకాలమంటే మనకి పంటకాలంరా చౌడయ్యా అంటాడు. పంట ఆయనకి, చెమట నాకు.

అయినా నేను పడిపోలేదు. ఎలా పడిపోలేదో రాస్తాను, వినండి. పొద్దున్నే చద్దన్నంలో మజ్జిగ పోసుకుని ఉప్పు, ఉల్లిపాయ నంజుకుని తింటాను. నెత్తిన తడి తుండు ఉంటుంది, ఆరితే మళ్ళీ తడుపుతాను. దాహం వేసేదాకా ఆగను, ముందే తాగుతాను. ఓనరు కునికేటప్పుడు సోడాలో నిమ్మకాయ పిండి, ఉప్పు వేసి ఒకటి లాగిస్తాను. సాయంత్రం కాలవలో మునుగుతాను. ఇవేం పెద్ద విద్యలు కావు. ఒంట్లోంచి పోయిన నీరు మళ్ళీ ఒంట్లోకి పోవాలి, అంతే. బడి మానేసి పొట్లాల కాగితాలు చదువుకుంటూ పెరిగిన నాకే ఈపాటి అర్థమైంది.

మా సందులో బస్తాల బండి లాగే ఏసుపాదం మీకు గుర్తుండే ఉంటాడు. పోయినేడు నాతో వచ్చి, మన మగ్గం గుంటలో కాళ్ళు పెట్టుకు కూర్చుని, అబ్బ ఎంత చల్లగా ఉందిరా, నేనిక్కడే ఉండిపోతా, బువ్వ పెడితే చాలు అన్నాడే, వాడు. నిన్న మిట్టమధ్యాహ్నం వాడు నడివీధిలో బండి వదిలేసి నిలబడిపోయాడు. వెనకనున్న రిక్షావాళ్ళు తిడుతున్నారు. దగ్గరికి పోయి చూస్తే ఒంటిమీద చెమట చుక్క లేదు. ఒళ్ళు పెనంలా కాలుతోంది. నన్ను చూసి మావయ్యా, పెళ్ళెప్పుడు అన్నాడు. వాడికి నేను మావయ్యని కాను, పెళ్ళీ లేదు. అని కూలబడిపోయాడు. బస్తాలు అక్కడే దింపేసి, వాడి బండి మీదే వాణ్ణి వేసుకుని ఆసుపత్రికి లాక్కుపోయాం.

అక్కడ నర్సమ్మ ఎలిజబెత్ గారని ఒకావిడ ఉంది. గుడ్డలు తడిపి వాడి మెడ మీద, చంకల్లో, గజ్జల్లో పెట్టించింది. నా చేతికి అట్టముక్క ఇచ్చి విసరమంది. తెలివి రాకుండా నోట్లో చుక్క పొయ్యొద్దంది. తెలివొచ్చాక ఉప్పు, పంచదార కలిపిన నీళ్ళు గుక్క గుక్కగా పట్టించింది. పొద్దుటినించీ ఏం తాగావురా అనడిగితే వాడు టీ అన్నాడు. టీ తాగి బస్తాలు లాగు, శవాల గదికి అదే దగ్గర తోవ అందావిడ. వాడికి నవ్వొచ్చింది. నాకు రాలేదు. నీకేమైంది, నీ స్నేహితుడు బతికాడుగా, ఇంకా ఆ మొహమేమిటి అని నన్నడిగింది. అప్పుడు మన చెల్లి సుబ్బరత్నం పురిటి సంగతి చెప్పాను.

చెప్పిందే ఇప్పుడు మీకూ చెబుతున్నాను, మీరు ఇంట్లో ఉండి కూడా చూడటం లేదు కాబట్టి.

చెల్లిని పడుకోబెట్టిన గదికి ఒకటే కిటికీ. ఆ కిటికీ నిండా పాత పంచెలు కూరారు. గుమ్మానికి గోనె పరదా. మంచం కింద కుంపటి, దాని మీద సాంబ్రాణి. పిల్ల చెవుల్లో దూది, తలకి గుడ్డ చుట్టి మెడ దాకా దుప్పటి. చలికాలంలో కన్నవాళ్ళకి చేసేదంతా ఈ మండుటెండల్లో చేస్తున్నారు. నేను వాకిట్లో నిలబడి పలకరిస్తే, పరదా లోపల్నించి అన్నయ్యా, నాకు సోడా తెచ్చావా అంది. నవ్వుతూనే అంది. కానీ ఆ గొంతు ఎండుటాకు నలిపినట్టుంది. మంచినీళ్ళైనా ఇస్తానుండు అని కుండ దగ్గరికి పోతుంటే నాయనమ్మ అడ్డం వచ్చింది. బాలింతకి నీళ్ళా, పొద్దునొక గుక్క, సాయంత్రమొక గుక్క కాచినవి పోస్తున్నాం, అదే ఎక్కువ అంది. మంత్రసాని మాణిక్యం గుమ్మంలో కూర్చుని ఆకు నములుతూ, నీళ్ళు తాగితే ఒళ్ళు నీరు పడుతుంది బాబూ, బిడ్డకి రొంప చేస్తుంది, మగపిల్లాడివి నీకేం తెలుస్తుందిలే అంది. మేం కనలేదా, పదిమందిని కన్నాను, నీళ్ళు తాగి కన్నానా అని నాయనమ్మ.

కన్నావు నాయనమ్మా, పదిమందిని కన్నావు. ముగ్గురు మిగిలారు. మిగతా ఏడుగురి సంగతి ఎవరూ ఎందుకు అడగరు?

నాన్నా, మీకొక మాట. వడగాలికి పడుగు దారాలు తెగుతాయని మీరు మగ్గం గది తలుపులు మూస్తారు. గుంట చుట్టూ నీళ్ళు చల్లుతారు. తడి గోనెలు పరుస్తారు. నూలుకి తడి కావాలని మీకు తెలుసు. గోడకి అవతల ఉన్నది మీ కూతురు. దానికి అక్కర్లేదా?

అది పురిటి గది కాదురా, కుమ్మరి ఆవం, కుండల్ని అలా కాలుస్తారు అంది ఎలిజబెత్ గారు. పాలిచ్చే తల్లికి మామూలు మనిషికన్నా ఎక్కువ నీళ్ళు కావాలట, తల్లి తాగకపోతే పాలెక్కడినించి వస్తాయని అడిగింది. ఆ జవాబు మీ దగ్గరుంటే రాయండి.

కాబట్టి కుంపటి తీసేయండి. కిటికీలో గుడ్డలు పీకేయండి. కాచి చల్లార్చిన నీళ్ళు అడిగినన్ని ఇవ్వండి, అడక్కపోయినా ఇవ్వండి. పల్చటి మజ్జిగ ఇవ్వండి. లేదంటే నేనొచ్చి దాన్ని మంచంతో సహా బందరు ఆసుపత్రికి మోసుకుపోతాను. ఊరంతా చూస్తే చూడనీ.

ఊళ్ళో జనానికి సీసాల్లో నీళ్ళు నింపుతూ, ఇంట్లో చెల్లెలికి గ్లాసుడు ఇప్పించుకోలేని
మీ కొడుకు,
చౌడయ్య

* * *

విజయవాడ వన్ టౌన్,
13-5-1975.

నాయనమ్మ పాదాలకి ముందుగాను, నాన్నగారికి తర్వాతను,

చౌడయ్య దణ్ణాలు. ఈసారి కోపంతో కూర్చోలేదు. స్నానం చేసి, ఉతికిన చొక్కా తొడుక్కుని రాస్తున్నాను. నాన్నగారు రాసిన కార్డు నిన్న అందింది.

అందులో సంగతులన్నీ తెలిశాయి. నా ఉత్తరంలో ఏడుగురి మాట చదవగానే నాయనమ్మ లేచి లోపలికి పోయిందనీ, ఆ రోజు పొయ్యి వెలిగించలేదనీ, ఎవరు బతిమాలినా ముద్ద ముట్టలేదనీ రాశారు. సోడాలు కొట్టేవాడు పురుళ్ళు కూడా పోస్తాడట్రా అని మాణిక్యం వీధంతా చెప్పి నవ్విందనీ రాశారు. నవ్వనీ. నేను వాకిట్లో కేకలేసి బయటి గాలి లోపలికి తెచ్చాననీ, అందుకే ఆ రాత్రినుంచి చెల్లికి జ్వరం పట్టిందనీ, అందుచేత సాయంత్రం పోసే గుక్క కూడా ఆపేశారనీ రాశారు. పాలు చాలక బిడ్డ గుక్కపట్టి ఏడుస్తోందని రాశారు. చెల్లికి పురిటి స్నానం అయ్యేదాకా నన్ను గడప తొక్కొద్దని నాయనమ్మ అందని కూడా రాశారు. సరే. తొక్కను.

నాయనమ్మా, పోయిన బిడ్డల్ని ఎత్తి చూపడం మనిషి చేసే పని కాదు. తప్పు. నీ కాళ్ళు పట్టుకుని అడుగుతున్నాననుకో, క్షమించు.

ఇప్పుడు అసలు సంగతి. కార్డు చదివాక కొట్లో సీసా ఒకటి చేతిలోంచి జారి పగిలింది. ఓనరు తిట్టాడు. అప్పుడు ఏసుపాదం (వాడు లేచి తిరుగుతున్నాడు, మధ్యాహ్నం పూట బండి కింద పడుకుని సాయంత్రం లాగుతున్నాడు) ఒక మాట చెప్పాడు. కొండ దిగువ సందులో పేరయ్యశాస్త్రి గారని ముసలి వైద్యులున్నారు, తాతల నాటి తాటాకు పుస్తకాలున్నాయి, చేతికి మట్టి ఇచ్చినా మందవుతుంది, పోయి అడుగు అన్నాడు. పోయాను.

ఆయన తలుపు దగ్గరే నిలబెట్టి అంతా విన్నాడు. బాలింతకి మంచినీళ్ళు ఇమ్మని ఇంటికి ఉత్తరం రాశానండీ అనేసరికి ఇంతెత్తున లేచాడు. ఏ మూర్ఖుడు చెప్పాడురా నీకు, పచ్చి బాలింతకి నీళ్ళా, నీకు బుద్ధుందా అని కడిగేశాడు. ఇంట్లో పెద్దవాళ్ళు ఎవరున్నారు అన్నాడు. మా నాయనమ్మ హనుమాయమ్మ గారండీ, నీళ్ళివ్వనంది అన్నాను. ఆవిడ ఎవరోగానీ ధర్మం తెలిసిన మనిషి, ఆవిడ చెప్పినట్టు విను అన్నాడు. నేను తల వంచుకుని నిలబడ్డాను. నాయనమ్మా, నువ్వు అక్కడ ఉండి వింటే బాగుండేది.

తర్వాత ఆయన మెత్తబడి, అయితే ఎండాకాలపు పురుడుకి వేరే విధి ఒకటుంది, అది ఈ కాలంలో మంత్రసానులు మర్చిపోయారు అన్నాడు. గ్రీష్మ కషాయం అంటారట. నేను కాగితం మీద రాసుకున్నది ఇక్కడ ఎక్కిస్తున్నాను. నాన్నగారూ, నిదానంగా చదవండి.

పెద్ద తప్పేలా నిండా మంచినీళ్ళు పోసి, తెర్లిన తర్వాత కూడా కాసేపు పొయ్యి మీద ఉంచాలి. అందులో చిటికెడు జీలకర్ర, పలుకంత శొంఠి, చిన్న బెల్లం ముక్క, చిటికెడు ఉప్పు. అంతకన్నా ఎక్కువ వేస్తే వికటిస్తుంది. గుడ్డతో వడగట్టాలి. బాగా వడగడితే నీళ్ళలా తేటగా ఉంటుంది, అదే సరైన పాకం. కొత్త కుండలో పోసి మూత పెట్టి చల్లారనివ్వాలి. వేడి వేడిగా ఇవ్వకూడదు. బిడ్డకి పాలిచ్చిన ప్రతిసారీ తల్లి ఒక గ్లాసు తాగాలి. మధ్యలో నోరెండితే మళ్ళీ తాగాలి. పొద్దు గూకేసరికి కుండలో కషాయం మిగిలిపోతే గుణం ఉండదు, మర్నాడు కొత్తగా కాచుకోవాలి. జ్వరం ఉన్నన్నాళ్ళూ మానకూడదు, జ్వరంలోనే ఎక్కువ పోవాలి.

ఈ కషాయానికి పొగ పడదు. పొగ ఉన్న గదిలో తాగితే మందు విరిగిపోతుందట. అందుకని కుంపటీ, సాంబ్రాణీ బయట పెట్టాలి. పడమటి వైపు వడగాలి రాకుండా పరదా ఉండనివ్వచ్చు. కిటికీ మాత్రం పొద్దున్నే, సాయంత్రం చల్లబడ్డాక తీసి పెట్టాలి. దుప్పటి తీసేసి ఉతికిన నూలు చీర ఒకటి కట్టాలి. జ్వరానికి తడిగుడ్డ నుదుటి మీద, మెడ మీద వేసి, ఆరగానే మార్చాలి. చెవుల్లో దూది ఉంచుకోవచ్చు. నాయనమ్మా, దూది గురించి ఆయన ఏమీ అనలేదు, నీ ఇష్టం.

ఇంకొక నియమం గట్టిగా చెప్పాడు. బాలింత పక్కన కూర్చుని చూసుకునే పెద్దముత్తైదువైనా, పెద్దావిడైనా, ఎవరైనా సరే, ఆ కషాయమే బాలింతతో సమానంగా తాగాలట. చూసేవాళ్ళ ఒంట్లో వేడి బాలింతకి తగులుతుందట. వాళ్ళు తాగకపోతే ఈవిడకి పనిచేయదట. మర్చిపోవద్దు.

జ్వరం తగ్గక చలితో వణికినా, మాట తేడాగా వచ్చినా, మైల వాసన కొట్టినా, కింద పచ్చి నెత్తురు ఎక్కువ పోయినా, అది కషాయానికి లొంగేది కాదు, బండి కట్టించి బందరు పెద్దాసుపత్రికి తీసుకుపొమ్మన్నాడు. ఇది నేను బెదిరించడం కాదు. వైద్యుల మాటే రాస్తున్నాను.

బెల్లం, శొంఠి, జీలకర్ర పొట్లాలు కట్టి, నాకు తెలిసిన బందరు రైలు మనిషితో ఈ ఉత్తరంతోపాటే పంపిస్తున్నాను. కుండ అక్కడే కొనండి. మనూరి కుండలో చల్లారినట్టు ఇక్కడి కుండలో చల్లారదు.

నాయనమ్మా, నీ చేత్తో కాస్తేనే అది మందవుతుంది. వేరేవాళ్ళ చేత కాయించకు.

నీ దీవెన కోసం చూసే మనవడు,
చౌడయ్య

తా.క. నాన్నా, ఈ ముక్క విడిగా మడిచి పెట్టాను. పైకి చదవొద్దు. చదివాక పొయ్యిలో పెట్టండి.

పేరయ్యశాస్త్రి లేడు. కొండ దిగువ సందులో గోనెసంచులు కుట్టే కొట్టు తప్ప ఏమీ లేదు. మీ కార్డు పట్టుకుని నేను పోయింది ఆసుపత్రికి, ఎలిజబెత్ గారి దగ్గరికి. ఇంకోసారి ఉత్తరం రాస్తానండీ, ఈసారి వదలను అన్నాను. రాస్తే ఆ మిగిలిన పొద్దుటి గుక్క కూడా పోతుంది, నోరు మూసుకో అంది. మళ్ళీ తనే, మీవాళ్ళకి నీళ్ళతో పేచీ లేదురా, నీళ్ళనే మాటతో పేచీ, నువ్వు మాట మార్చు, నీళ్ళు మార్చకు అంది. శొంఠి, జీలకర్ర పేరుకే. కుండలో ఉన్నవి మంచినీళ్ళు. మిగతాదంతా, జ్వరం సంగతీ, బందరు సంగతీ ఆవిడ చెప్పిందే. జ్వరం నీళ్ళు లేక వచ్చిందో, లోపల చెడి వచ్చిందో చూడకుండా చెప్పలేనంది. అందుకని ఆదివారం నేనొస్తున్నాను. గడప తొక్కను. వాకిట్లో బండితో నిలబడతాను. అప్పటికీ ఒళ్ళు కాలుతుంటే ఎవర్నీ అడగను, నాయనమ్మ అలిగినా సరే.

నాకు అబద్ధం రాయడం చేతకాదు. నిజం రాసి చూశాను కదా, ఏమైందో మీరే రాశారు.

పక్కన కూర్చునేవాళ్ళు కూడా తాగాలన్న నియమం ఒక్కటి ఎలిజబెత్ గారు చెప్పింది కాదు. అది నేను కలిపాను. మీరు కార్డు అంచున చోటు లేక ఇరికించి రాశారే, దాహమేసే పిల్ల ముందు నేనెలా తాగేదిరా అని నాయనమ్మ కూడా నీళ్ళు మానేసి ఆ పొగలోనే దాని కాళ్ళు పడుతూ కూర్చుంటోందని. అది చదివినప్పటినుంచీ ఆ ముసలిదాని మీద సరిగ్గా కోపం కూడా రావడం లేదు నాకు.

ఆవిడ తప్పకుండా మొదట తనే రుచి చూస్తుంది. అరచేతిలో పోసుకుని నాలిక మీద వేసుకుని, మిమ్మల్ని పిలిచి, ఒరే సాంబమూర్తీ, ఇవి నీళ్ళే కదరా అంటుంది. మీకన్నా నాకన్నా తెలివైంది. అప్పుడు మీరు ఎప్పట్లాగా మగ్గం వైపు చూడకండి. ఆవిడ మొహంలోకి చూసి, కాదమ్మా, కషాయమే అనండి. పుట్టి బుద్ధెరిగాక మీ అమ్మ మాటకి మీరు కాదని చెప్పి ఉండరు. ఇప్పుడు చెప్పండి. చెప్పి, ఒక గ్లాసు చెల్లికివ్వండి. ఒకటి ఆవిడకివ్వండి.